పక్కకి పన్నెండు కిలోలు

ఇసుక బస్తా దేన్నీ పక్కకి నెట్టదు. దూలం మీద పెడితే కిందికి బరువు వేస్తుంది, అంతే. ఆ సంగతి తెలియడానికి ఇంజనీరింగ్ చదవనక్కర్లేదు. అయినా ఆ గురువారం పదకొండు గంటలకి, నూకరత్నం ముందున్న కంప్యూటర్ తెర మీద, పట్టికలో అట్టడుగు వరసలో, పక్కకి పన్నెండు కిలోలు అని కనబడింది.

ఆమె లేచి వెళ్ళి దూలం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. నూట అరవై బస్తాలు, ఒక్కొక్కటి యాభై కిలోలు, మొత్తం ఎనిమిది టన్నులు. ఎవరూ దూలానికి ఆనుకుని నిలబడలేదు. ఫ్యాను గాలి కూడా అటు తగలడం లేదు. మళ్ళీ వచ్చి కూర్చుంది. పన్నెండు. కాసేపటికి పదకొండు. మళ్ళీ పన్నెండు. పన్నెండుంపావు వేళకి, ఎవరో చెప్పి ఆపినట్టు, సున్నా అయిపోయింది.

"దుమ్మమ్మా అది," అన్నారు మార్కండేయులు గారు. విశాఖ శివార్లలో ఉన్న ఆ కాలేజీ ప్రయోగశాలకి ఆయనే పెద్ద. టన్నుల లెక్కలో పది పన్నెండు కిలోలు గదిలో దుమ్ములాంటివని, యాభై కిలోల లోపు వచ్చే అంకెలన్నీ పట్టికలో కనబడకుండా చేసెయ్యమని ఆయన అంతకు ముందే రెండు మూడుసార్లు చెప్పారు. నూకరత్నం సరే సార్ అనేది గాని చేసేది కాదు. సెంట్రింగ్ పనివాళ్ళ మధ్య పెరిగిన పిల్ల. బరువన్నది ఊరికే ఎక్కడినుంచో ఊడిపడదని ఆమెకి చిన్నప్పటినుంచీ తెలుసు.

వాళ్ళ పని ఇలా ఉండేది. దూలాన్ని కంప్యూటర్‌లో వేల చిన్న ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్కా పక్క ముక్కని ఎంత లాగుతోందో, ఎంత నొక్కుతోందో లెక్క కడతారు. దూలం ఏయే చోట్ల ఆని ఉందో అక్కడ "ఇది కదలకూడదు" అని గుర్తు పెడతారు. లెక్కంతా పూర్తయ్యాక, ఆ మాట నిలబెట్టడానికి ఆ చోటు ఎంత బలం పెట్టవలసి వచ్చిందో యంత్రం చెబుతుంది. దాన్నే రియాక్షన్ అంటారు. పైనుంచి వేసిన బరువంతా కలిపి ఎంతో, కింది రియాక్షన్లన్నీ కలిపి అంతే రావాలి. రాకపోతే ఎక్కడో తప్పుంది.

ఇంతవరకు లోకంలో అందరూ చేసేదే. మార్కండేయులు గారు కనిపెట్టింది ఒక బిళ్ళ. పాత రూపాయి కాసంత ఉంటుంది, బూడిద రంగు. దాన్ని దూలానికి అతికించి, కంప్యూటర్‌లో ఆ చోట కదలకూడదు అని గుర్తు పెడితే, నిజంగా కూడా దూలం అక్కడ కదలదు. కింద స్తంభం ఉండదు, పైన తాడుండదు. గాలిలో కనబడని స్తంభం మీద ఆనినట్టు ఆగిపోతుంది. దానికి ఆయన నిలుపు అని పేరు పెట్టారు.

చిత్రం ఏమిటంటే ఆ నిలుపు నూకరత్నం తయారు చేసిన ఫైలుతోనే పని చేసేది. మిగతావాళ్ళు కొత్తగా ఫైలు రాసి బిళ్ళ అతికిస్తే దూలం మామూలుగా వంగిపోయేది. ఆమె ఫైలు కాపీ చేసుకుని అందులో మార్పులు చేసుకుంటే మాత్రం నిలిచేది. కారణం ఎవరికీ అంతుపట్టలేదు. నూకరత్నానిది మంచి హస్తవాసి అనుకుని ఊరుకున్నారు. సైన్సు చదివినవాళ్ళే అలా అనుకున్నారు.

ఆమెకి మాత్రం లెక్క కుదరలేదు. దూలం రెండు కొసల్లో రెండున్నర, రెండున్నర. నడుమ నిలుపు దగ్గర మూడు. మొత్తం ఎనిమిది. బాగానే ఉంది. కాని పట్టిక అట్టడుగున, పేరు లేకుండా, ఒకటో నంబరు బిందువు అని ఒక వరస వచ్చేది. అందులోనూ మూడు టన్నులే. అదీ కలిపితే పదకొండు. వేసింది ఎనిమిదైతే పదకొండెలా అవుతుంది? పోనీ అనుకుంటే, ప్రయోగశాల నేల కింద ఉన్న తూకం ఐదు టన్నులే చూపించేది. ఒక పక్క మూడు ఎక్కువ, ఒక పక్క మూడు తక్కువ.

యంత్రం ఒకే బలాన్ని రెండుసార్లు రాస్తోందని, ఆ అడుగు వరస నిలుపుకి నీడలాంటిదని సార్ తేల్చేశారు. నేల మీద తగ్గిన మూడు టన్నులు మాయమైనట్టేనని, అదే ఈ బిళ్ళ గొప్పతనమని కూడా అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో కొంచెం తడబాటు ఉంది. ఆయనకీ అర్థం కాలేదని నూకరత్నానికి అప్పుడే తెలిసింది.

*

ఆ సాయంత్రం ఇంటికొస్తే తలుపు సగమే తెరుచుకుంది. భుజం పెట్టి తోసి లోపలికి వెళ్ళింది. తలుపు అడుగు గచ్చుని కిర్రున గీసింది.

వాళ్ళది కొండవాలు మీద ఇల్లు. కింద రాళ్ళ గోడ కట్టి, మట్టి పోసి, దాని మీద కట్టుకున్న రెండు గదులు. ముందు గది నడుమ ఒక సరుగుడు బాదు నిలబడి ఉంటుంది. కప్పు పోసినప్పుడు కింద దన్నుగా పెట్టిన బాదుల్లో అది ఆఖరిది. ఆ ఇల్లు కట్టిన నూకరత్నం తండ్రి అప్పలస్వామి సెంట్రింగ్ మేస్త్రి. కప్పు ఆరడానికి ఇరవై ఒక్క రోజులు ఆగాలన్నాడు. పద్దెనిమిదో రోజున జ్వరంతో పోయాడు. మిగతా బాదులు గ్యాంగువాళ్ళు తీసుకుపోయారు. ఆ ఒక్కటి తియ్యనివ్వలేదు అతని భార్య పైడమ్మ. ఇరవై ఏళ్ళయింది. ఆ బాదు మోసేది ఏమీ లేదు. దానికి సంచులు తగిలించుకుంటారు. వంటయ్యాక పైడమ్మ దానికి వీపు ఆన్చి కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటుంది.

ఆమె కూడా ఒకప్పుడు మొగుడితో పాటు గ్యాంగులో పలకలు మోసిన మనిషే. బాదు బరువు మీద ఉందో ఊరికే ఉందో చూడ్డానికి వాళ్ళు సుత్తితో కొట్టి వింటారు. బరువు మీదున్నది కణ్‌మంటుంది. ఊరికే ఉన్నది డొల్లగా మోగుతుంది. అటూ ఇటూ వెళ్ళేటప్పుడు ఈ బాదుని వేలి కణుపుతో ఒకసారి కొట్టి వెళ్ళడం పైడమ్మకి అలవాటు. అది ఎప్పుడూ డొల్లగానే పలికేది.

"ఏటోనే, ఈ తలుపు లచ్చివారం వొచ్చిందంటే సాలు, పట్టీస్తంది," అంది పైడమ్మ. "మళ్ళీ సుక్కురారానికి కొంచెం వొదుల్తాది. తలుపుకి వారాలేటే?"

వానకి చెక్క ఉబ్బి ఉంటుందని నూకరత్నం అంది. వానలు పోయి రెండు నెలలయిందని పైడమ్మ గుర్తు చేసింది. ఎదురింటి వరాలు గుమ్మంలోంచి విని, అప్పలస్వామి తన బాదు తనకిమ్మని అడగడానికి వారం వారం వస్తున్నాడేమో కనుక్కోమంది. వొస్తే వొచ్చేడు, తలుపు సరిగ్గా ఎయ్యమని సెప్పు అంది పైడమ్మ. ముగ్గురూ నవ్వుకున్నారు. గురువారాలే తమ ప్రయోగాల రోజులని నూకరత్నానికి ఆ నవ్వులో తట్టనే లేదు.

*

మరుసటి బుధవారం పొద్దున్న ఊళ్ళో పాత ఆసుపత్రి నుంచి మార్కండేయులు గారికి కబురొచ్చింది. ఎముకల వార్డు కింద పెద్ద దూలం పగులు బారింది. పైన ముప్ఫై రెండు మంది రోగులు ఉన్నారు. విరిగిన కాళ్ళని కప్పీల మీదుగా బరువులు కట్టి లాగి పెట్టారు. ఒక్కొక్కరినీ విప్పి, పలక మీదకి ఎక్కించి దించాలంటే సాయంత్రమవుతుంది. దూలం అంతవరకు ఆగుతుందో లేదో తెలియదు.

ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. తర్వాత బిళ్ళ తీసుకుని నూకరత్నంతో బయల్దేరారు. నూకరత్నం తన ఫైలు తీసి, ఇసుక బస్తాల దూలం చెరిపేసి, ఆసుపత్రి దూలం గీసింది. పదకొండు కావస్తుండగా వరండాలో నిచ్చెన వేసి పగులు పక్కన బిళ్ళ అతికించారు. ఆమె ల్యాప్‌టాప్‌లో గుర్తు పెట్టింది. పగులు నోరు తెరుచుకోవడం ఆగిపోయింది. పెచ్చులు రాలడం ఆగిపోయింది. పెద్ద డాక్టరు గారు మార్కండేయులు గారి రెండు చేతులూ పట్టుకున్నారు.

పట్టికలో నిలుపు దగ్గర తొమ్మిది టన్నులు. అట్టడుగు వరసలో కూడా తొమ్మిది. ఇది ఇసుక బస్తాల దూలం కాదు, వేరే కట్టడం, వేరే చోటు. నీడ ఇక్కడికీ వెంట వచ్చిందేమిటా అని ఆమె చూస్తుండగానే ఫోను మోగింది.

"ఒలే, ఇల్లు కదిలినాది," అంది పైడమ్మ. "బాదు గచ్చులోకి నాలుగు వేళ్ళ లోతు దిగబడ్డాది. తల కప్పుని వొదిలీసినాది, నడుమ సెయ్యి దూరిపోతంది. కిందేమో కొడితే కణ్‌మంతంది. పైన మోసేదేటీ నేదు. మరి దేన్ని మోస్తందే ఇది?"

నూకరత్నానికి ఏమీ అర్థం కాలేదు. పైన ఏమీ ఆనని బాదు బరువు మీద ఉండటమేమిటి? పనిలో ఉన్నానమ్మా, తర్వాత మాట్లాడతానంది. ఏం పనో చెప్పమంది పైడమ్మ. స్తంభం లేకుండా దూలాన్ని నిలబెట్టామని, కింద ఏమీ అక్కర్లేదని నూకరత్నం రెండు ముక్కల్లో చెప్పింది.

ఫోనులో కణ్‌మని బాదు మోగింది.

"కాలు నేకుండా బాదు ఉంటాదేటే," అంది పైడమ్మ. "మోసీదానికి కాలుండాల. దాని కాలెక్కడ పెట్టినారు?"

నూకరత్నం తెర వైపు తిరిగింది. అట్టడుగు వరస మీద నొక్కి, ఒకటో నంబరు బిందువు ఎక్కడుందో చూపించమని యంత్రాన్ని అడిగింది. ఏమీ లేని తెల్లటి చోట, నేల నుంచి అడుగున్నర ఎత్తున ఒక చుక్క కనబడింది. దాని చుట్టూ ఎప్పుడో చెరిపేసిన గోడల గీతల జాడ లీలగా ఉంది. పదడుగులు, పన్నెండడుగులు. ఒక తలుపు. నడుమ ఒక బాదు.

రెండేళ్ళ కింద ఈ పని నేర్చుకునేటప్పుడు అభ్యాసానికి తమ ఇంటినే గీసింది. లెక్కలో బొమ్మ తేలిపోకుండా ముందు ఎక్కడో ఒక చోట కట్టెయ్యాలి. ఆ మొదటి ముడి బాదుకి వేసింది. సార్ పనికిరాదని పారేసిన మొదటి బిళ్ళని తెచ్చి నిజం బాదుకి కూడా అతికించింది, చీపురు తగలని ఎత్తు చూసి. అప్పుడేమీ జరగలేదు. కొత్త పని మొదలుపెట్టినప్పుడు పాత ఫైలే కాపీ చేసి గోడలు చెరిపేసింది, కప్పు చెరిపేసింది. మొదటి ముడి విప్పాలన్న సంగతి మర్చిపోయింది. ఆమె ఫైలు కాపీ చేసుకున్న అందరి దగ్గరకీ ఆ ముడి వెళ్ళింది. అదీ హస్తవాసి.

మూడు టన్నులు మాయం కాలేదు. గురువారం గురువారం తమ ఇంటి మీద పడ్డాయి. అట్టడుగు వరస నీడ కాదు. నేల అదే. నిలుపు వరసే ఉత్తిది, బరువు దాటిపోయే దారి మాత్రమే. రెండు కొసలు ఐదు, ఇల్లు మూడు. ఎనిమిది. లెక్క మొదటినుంచీ సరిగ్గానే ఉంది. చదవడమే రాలేదు.

*

సంగతి విని మార్కండేయులు గారు వరండాలో బల్ల మీద కూలబడ్డారు. ముడి విప్పితే దూలం కూలుతుంది. వేరే చోటికి మార్చాలన్నా ముందు విప్పాలి, తర్వాత కట్టాలి. ఆ రెప్పపాటు చాలు. విప్పకపోతే ఇల్లు రాళ్ళ గోడతో సహా కిందికి జారుతుంది, అది జారాక ఇక్కడ దూలమూ నిలవదు. ఆయన ఇదంతా తనలో తను చెప్పుకుంటున్నట్టు చెప్పి, ఇప్పుడేం చేద్దామమ్మా అని నూకరత్నాన్నే అడిగారు.

ఏం చెయ్యాలో ఆమెకీ తెలియదు. తల్లికి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పేసింది. పైడమ్మ తిట్టలేదు. ఎన్ని టన్నులని అడిగింది. దూలం ఎంత పొడుగని అడిగింది. గవరయ్య మేస్త్రికి తనే ఫోను చేస్తానని, సరుగుడు బాదులు ఇరవై నాలుగు పట్టుకుని రమ్మంటానని చెప్పింది. ఒకటి తియ్యాలంటే ముందు దాని పక్కన ఇంకోటి పెట్టాలి, మీ సదువులో ఇది నేదా అని మాత్రం అడిగింది.

నూకరత్నం నువ్వు ముందు ఇంట్లోంచి బయటికి వెళ్ళిపో అంది.

"ఎల్తాను. వరాలు వాకిట్లో కూకుంతాను," అంది పైడమ్మ. "నీ పని సూసుకో."

గవరయ్య మేస్త్రి పద్నాలుగు మందితో లారీలో వచ్చేసరికి పన్నెండు దాటింది. అప్పలస్వామి దగ్గర పని నేర్చుకున్నవాడు. వరండా అంతా ఒకసారి చూసి, గాల్లో ఆగిన దూలం కిందకి తన మనుషుల్ని పంపడానికి వెనకాడాడు. ఇది దేని మీద ఆగిందో నిజం చెప్పమని నూకరత్నాన్ని అడిగాడు.

"మా ఇంటి బాదు మీద, మావా."

అతను ఆమె మొహంలోకి చూశాడు. ఎగతాళి కాదని తెలుసుకున్నాడు. బుర్ర గోక్కున్నాడు. "మా గురువు పెట్టిన బాదేనా? అయితే ఆగుతాది, పదండి," అని తనే ముందు దూలం కిందికి దూరాడు.

పని మొదలయింది. నేల మీద పలక, పలక మీద బాదు, బాదు కింద ఏటవాలుగా చెక్కిన రెండు చెక్క మేకులు ఎదురెదురుగా. మేకులు సుత్తితో కొడుతూ ఉంటే బాదు పైకి బిగుస్తుంది. ఒక్కొక్కటి బిగిసే కొద్దీ పట్టికలో తొమ్మిది కాస్తా ఎనిమిదిన్నర, ఎనిమిది అయింది. నిలుపు వరస ఎంత తగ్గితే అడుగు వరసా అంతే తగ్గుతోంది. పైన మెట్ల మీదుగా రోగుల్ని దించుతున్నారు. ఒక ముసలాయన కాలికి కట్టిన బరువు చేత్తో పట్టుకుని దిగుతూ, ఇది వదిలేస్తే ఎవరి నెత్తిన పడుతుందని అడిగి నర్సుని నవ్వించాడు.

పక్కకి పన్నెండు మళ్ళీ వచ్చింది. ఈసారి సున్నా అవలేదు. పదిహేను, పద్దెనిమిది. ఒంటిగంటకి ఇరవై రెండు. ఒకచోట నిలవకుండా వణుకుతోంది. సుత్తి దెబ్బలకి దూలం పక్కకి కదులుతోందేమోనని నూకరత్నం అనుకుంది. అలా అయితే దూలం ఆనిన పాత గోడ కూడా కదలాలి. కదలలేదు. మేకులు కొట్టడం ఆపించి చూసింది. ఇరవై రెండు అలాగే ఉంది. దాన్ని చూస్తూ కూర్చుంటే భయం తప్ప ఇంకేమీ రాదని, దాచెయ్యమని మార్కండేయులు గారు మెల్లగా అన్నారు. ఆమె దాచలేదు. అర్థమూ చేసుకోలేదు. మధ్యలో తల్లికి రెండుసార్లు ఫోను చేసింది. రెండుసార్లూ పైడమ్మ వీధిలోనే ఉన్నానంది. ఇల్లెలా ఉందంటే, గోడ ఒక రాయి వొదిలిందని, ఏం ఫరవాలేదని చెప్పింది. గొంతు కొంచెం ఆయాసంగా ఉంది. ఎండలో కూర్చోకమ్మా అంది నూకరత్నం.

మూడు గంటలకి ఇరవై నాలుగో బాదు పడింది. పైన ఆఖరి మంచం ఖాళీ అయింది. గవరయ్య ఒక్కో బాదు దగ్గరా ఆగి, సుత్తితో కొట్టి, చెవి పెట్టి విన్నాడు. అన్నీ కణ్‌మన్నాయి.

"పట్టీసినాయి," అన్నాడు.

నిలుపు వరస సున్నా. అట్టడుగు వరస, కిందికి సున్నా. మార్కండేయులు గారు కళ్ళజోడు తీసి మొహం తుడుచుకున్నారు. ఇక ముడి విప్పెయ్యవచ్చు. నూకరత్నం వేలు మీట మీద పెట్టింది. అప్పుడు పక్క గడిలోకి చూసింది.

పన్నెండు.

మనుషులందర్నీ దూలం కింద నుంచి బయటికి రమ్మంది. వచ్చారు. పన్నెండే. నిలుపు మీద బరువు లేదు, పక్కన మనిషి లేడు, సుత్తి మోగడం లేదు. ఇక్కడినుంచి వెళ్ళేది ఏమీ లేదు. అయితే ఈ పన్నెండు ఇక్కడిది కాదు. అటునుంచి వస్తోంది. రోజూ పదకొండు గంటలకి. వంటయ్యాక. నేల నుంచి అడుగున్నర ఎత్తున, కూర్చున్న మనిషి వీపు ఆనే చోట.

పైన ఆనుకోని బాదు నిలువుగా నిలవదు. కాలు జారి పక్కకి తన్నేస్తుంది. ఆ సంగతి పైడమ్మకి తెలియకపోవడమేమిటి? బాదు తన్నేసి ఉంటే తొమ్మిది టన్నులూ, దూలమూ, దాని కింద గవరయ్యతో సహా పదిహేను మంది, మెట్ల మీద రోగులు. ఎవరో ఒకరు దాన్ని ఒరగకుండా పట్టుకుని ఉండాలి. మూడు గంటల పాటు.

ఆమె ఫోను చేసింది. ఈసారి చాలాసేపు మోగింది.

"అమ్మా, ఎక్కడున్నావు?"

"వీధిలోనేనే. వరాలు వాకిట్లో."

తెర మీద పన్నెండు పదమూడయింది. మాట్లాడటానికి ఊపిరి పీల్చుకున్నట్టుంది.

"పనయిపోయిందమ్మా. అందరూ బాగున్నారు. ఇంక ఆ బాదుని వదిలి లే."

నూకరత్నం గడి మీదనుంచి కళ్ళు తిప్పలేదు. పదమూడు. పది. పదే చాలాసేపు ఉంది. నాలుగు. తర్వాత సున్నా.

సున్నా అంటే లేచిందా? బాదే పడిపోయిందా? గోడ జారిపోయినా అక్కడ సున్నాయే చూపిస్తుంది. పట్టికకి అన్ని సున్నాలూ ఒకటే. ఆమె ఫోను చెవికి అదుముకుని వింది. ఏదో దొర్లిన చప్పుడు. ఎవరో మూలిగినట్టు. మళ్ళీ ఏమీ లేదు. మార్కండేయులు గారు ఏమైందని అడుగుతున్నారు. ఆమె చెయ్యెత్తి ఆయన్ని ఆపింది.

అప్పుడు ఫోనులో, తమ ఇంటి తలుపు గచ్చుని గీసుకుంటూ కిర్రుమని తెరుచుకుంది.